కమాన్ల సేటుని కారెక్కించిన రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టారు. ఆ కోపం అప్పుడప్పుడు పనికి కూడా వస్తుందని ఆయనకి తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అది తెలియజెప్పింది అబిడ్స్‌లోని ఒక మోటారు సామాన్ల దుకాణం.

మాది గుంటూరు వైపు. యాభై ఆరులో ఆయన ఆఫీసుతో పాటు మేమూ కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చాం. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయికి రెండు గదులు. కొన్నేళ్ళకి ఆయన పై అధికారి ఒకాయన బదిలీ మీద వెళ్తూ తన పాత విలాయతీ కారుని మా ఆయనకి అంటగట్టాడు. ఈయన సరదాపడి కొన్నారు గానీ, స్టీరింగు పట్టుకుంటే చేతులకి చెమటలు పట్టేవి. నెల తిరక్కుండా మళ్ళీ సైకిలెక్కేశారు. కారు గుమ్మం ముందు ఊరికే పడి ఉండటం చూడలేక నేను నేర్చుకున్నాను. మా అత్తగారు వద్దనలేదు సరికదా, నేర్చుకున్నన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని జపం చేసుకునేవారు. ఎవరి క్షేమం కోసమో నేను అడగలేదు.

నడపడం వచ్చాక మా వీధి ఆడపిల్లల్ని అబిడ్స్‌లోని బడికి దింపి తీసుకొచ్చే పని పెట్టుకున్నాను. మొత్తం ఎనిమిది మంది. వాళ్ళ ఇళ్ళవాళ్ళు నెలనెలా ఇచ్చేది పెట్రోలుకీ చిల్లర ఖర్చుకీ సరిపోయేది. నిజం చెప్పాలంటే నాకు కావలసింది ఆ డబ్బు కాదు. పొద్దున్నే తాళంచెవి తిప్పి, ఇంజను గొంతు సవరించుకుని, బండి నా మాట విని కదులుతుంటే కలిగే సంతోషం నాకు ఇంకెందులోనూ లేదు. ఆ ఎనిమిది మంది పిల్లలే లేకపోతే కారు బయటికి తీయడానికి మా ఇంట్లో నాకు వేరే సాకు లేదు. "ఉత్తినే ఎందుకు, అమ్మేద్దాం" అని మా ఆయన అప్పటికే రెండుసార్లు అన్నారు.

ఇలా ఉండగా వెనక చక్రాల కమాన్లు విరిగాయి. చక్రాల మీద బండి బరువు మోసే వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్టని ఇక్కడ కమాన్ అంటారు. ఆ కారుకి సొంత కంపెనీ సామాను దొరకడం అప్పటికే గగనమైపోయింది. అబిడ్స్ సందులో దుకాణం పెట్టుకున్న సేటు నల్లగా నిగనిగలాడే జత ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "ఫికర్ జేయకుండ్రమ్మా, కంపెనీ మాల్ గూడ గింత గట్టిగుండదు" అన్నాడు. నేను నమ్మాను. ఇంటికి తెచ్చాక మా అత్తగారు వాటికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, హారతి ఇచ్చి మరీ మెకానిక్కుకి అప్పగించారు. మా ఇంట్లోకి కొత్త కుక్కరు వచ్చినా ఈ మర్యాద తప్పదు.

పన్నెండు రోజులు బండి దర్జాగా తిరిగింది. పదమూడో రోజు ఎడమ వైపు కుంగింది. ఇక చూడాలి, చిన్న రాయి ఎక్కినా పిల్లలందరూ ఎడమ పక్కకి జారి ఒకరి మీద ఒకరు పడేవారు. టిఫిన్ డబ్బాలు తెరుచుకుని యూనిఫాం మీద పప్పుచారు ఒలికేది. టైరు పైన రేకుకి రాసుకుని రబ్బరు కాలిన వాసన వచ్చేది.

పిల్లల్ని దింపి నేరుగా దుకాణానికి వెళ్ళాను. సేటు అప్పుడే అగరొత్తులు వెలిగిస్తున్నాడు. "ఇంక బోణీ గాలేదమ్మా. పొద్దుగాల పొద్దుగాల వాపసు ముచ్చట తెస్తరా? జర ఆగి రాండ్రి" అన్నాడు. మధ్యాహ్నం వెళ్తే బువ్వకి పోయాడని పక్క దుకాణం ఆయన చెప్పాడు. సాయంత్రం వెళ్తే దీపం వెలిగించేశాడు. "దీపం వెట్టినంక వాపసు దీస్కోమమ్మా, లక్ష్మి బయటికి వోతది." అంటే అమ్మడానికి రోజంతా వేళే, వాపసుకి మాత్రం ఒక్క ఘడియా లేదు. ఇలా మూడు రోజులు తిప్పాడు.

నాలుగో రోజు పదకొండింటికి, దుకాణం నిండా జనం ఉండగా సేటుని పట్టుకున్నాను. తప్పక బయటికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని బండి కిందకి వంగి చూశాడు. అంతలో మొహం వెలిగిపోయింది.

"గిదేందమ్మా, పసుపు కుంకుమ వెట్టిన్రా? పూజ జేసిన సామాను మళ్ల దుకాణంల ఎట్ల వెట్టుకుంట? గది మీ ఇంటిదైపోయింది."

జనం నవ్వారు. అక్కడితో ఆగినా బాగుండేది. వాళ్ళ నవ్వు చూసి హుషారు వచ్చి, గొంతు పెంచాడు. "కమాన్ల తప్పేం లేదు. ఆడోళ్లు నడిపితే కమాన్లు గట్లనే వోతయి. గుంతలు సూస్కోరు, కొట్టుకుంట వోతరు."

నాకు తల కొట్టేసినట్టయింది. బండెక్కి తలుపు ధడాలున వేసుకున్నాను. ఇంటికి వచ్చి బియ్యం ఏరుతూ గంటసేపు అతనికి సమాధానాలు చెప్పాను.

ఆ నవ్విన వాళ్ళలో, నా బండిలో వచ్చే అక్కచెల్లెళ్ళ తండ్రి కూడా ఉన్నాడట. మర్నాడు పొద్దున పిల్లలిద్దరి తల్లి గేటు దగ్గర నన్ను ఆపింది. పాత హైదరాబాదీ కుటుంబం, చాలా మర్యాదస్తురాలు. "నాకైతే మీ మీద నమ్మకమే అక్కా. మా ఆయననే గా సేటు మాట విన్నప్పటి సంది వద్దంటున్నడు. సోమవారం దాక జూస్తం. బండి గిట్లనే ఉంటే పిల్లల్ని రిక్షాల పంపిస్తం, ఏమనుకోకుండ్రి" అంది. ఆ ఇద్దరూ మానేస్తే మిగతా ఆరుగురూ మానేస్తారని నాకు తెలుసు. ఆ తర్వాత కారు వెళ్ళేది అమ్మకానికే. పైగా కారణం కమాన్లని ఎవరూ అనరు, నేనే అంటారు. ఆ రోజు గురువారం.

శుక్రవారం గౌలిగూడకి తీసుకెళ్ళాను. బస్సుల అడ్డా పక్కన లారీల కమాన్లు కట్టే పెద్దవయసు మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. బండి కిందకి దూరి చిన్న సుత్తితో పట్టీల మీద నాలుగు దెబ్బలు వేశాడు. పచ్చి కుండ మీద కొట్టినట్టు చప్పుడు వచ్చింది. పక్కన పడి ఉన్న లారీ పట్టీ మీద కొడితే ఖంగుమంది.

"ఇది డూప్లికేట్ మాల్ అమ్మా. పట్టీని ఎర్రగ కాల్చి నూనెల ముంచాలె, అప్పుడు దాంట్ల జాన్, అంటే పానం, వస్తది. గీడ ఉత్తగ వంచి రంగేసిన్రు. మీరు నడిపినా, నేను నడిపినా, నిలవెట్టి పూజ జేసినా కూసుంటది."

ఆ మాట సేటుతో వచ్చి చెప్పమని బతిమాలాను. మిస్త్రీ తలూపలేదు. "నేను సెప్తే నా పని కోసం సెప్తున్న అంటడు. గా సేటునే జర బండ్లె కూసోవెట్టుండ్రి" అన్నాడు.

కూర్చోబెట్టడం ఎలా? అన్నం పెడుతూ మా అత్తగారి దగ్గర వాపోయాను. ఆవిడ మజ్జిగ కలుపుకుంటూ, "బోణీ కాలేదనే కదా వాడి గోల? మనమే బోణీ చేద్దాం పద" అన్నారు. కుంకుమ పెట్టింది తనేనన్న బాధ ఆవిడకి లోపల ఉంది.

శనివారం పొద్దున సేటు తాళం తీసి, గుమ్మంలో నీళ్ళు చల్లేసరికి మేమిద్దరం మెట్టు మీద ఉన్నాం. మా అత్తగారు పట్టుచీర కట్టారు. "నాయనా, బోణీ మాదే. ఒక నట్టు ఇవ్వు" అన్నారు. ఏ నట్టు అని అడిగాడు సేటు. "ఏదైనా మంచిదే, నీ చేత్తో ఇవ్వు." అతను నవ్వుకుంటూ నట్టు ఇచ్చి, నాణెం కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు. అది పడిన చప్పుడు వినగానే ఆవిడ, "బోణీ బేరాన్ని ఏడిపించి పంపితే ఆ రోజంతా వ్యాపారం అంతే కదా నాయనా. మా కోడలి మాట ఒక్కటి విను" అన్నారు. సేటు మొహంలో నవ్వు ఎగిరిపోయింది. ఆ పట్టింపు అతనికి ఎంత ఉందో మూడు రోజులు తిరిగిన నాకు తెలియదా!

"వాపసు తీసుకోమనను సేటుగారూ," అన్నాను. "నా బండిలో నాంపల్లి స్టేషన్ దాకా వచ్చి వెనక్కి రండి. ఎలా నడుపుతున్నానో మీరే చూడండి. తప్పు నాదయితే ఇక్కడే, పదిమందిలో ఒప్పుకుంటాను. కమాన్లదయితే మీరు ఒప్పుకోవాలి."

ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్న లారీ డ్రైవర్లు అప్పటికే లేచి వచ్చారు. "వోండ్రి సేట్, ఏంది, భయమా?" అన్నాడొకడు. ఇక తప్పలేదు. నా పక్కన మా అత్తగారు, వెనక ఎడమ వైపు సేటు. అతను భారీ మనిషి. కూర్చోగానే బండి మూలిగింది.

ఆ రోజు నడిపినంత నెమ్మదిగా నా జన్మలో ఎప్పుడూ నడపలేదు. కూరగాయల బండివాడు మమ్మల్ని దాటిపోయాడు. టాంగావాడొకడు దాటిపోతూ వెనక్కి తిరిగి చూశాడు. నీళ్ళ గొట్టం కోసం తవ్వి పూడ్చిన చోట, "గొయ్యి వస్తోంది నాయనా, గట్టిగా పట్టుకో" అని మా అత్తగారు ముందే చెప్పారు. పట్టుకున్నా సరే అతని తల పైకప్పుకి ఠపీమని తగిలింది. టైరు రేకుకి రాసుకుంది. వాసన గుప్పుమంది. స్టేషన్ ముందు బండి తిప్పుతుంటే, "అమ్మా, ఆపుండ్రి, నేను టాంగల వోత" అన్నాడు.

"అయ్యో, బోణీ బేరం మధ్యలో దిగిపోతారా?" అన్నాను. నా గొంతులో అంత తీపి ఉందని నాకే తెలియదు.

దుకాణం ముందు జనం రెట్టింపయ్యారు. సేటు నడుం పట్టుకుని దిగి, ఎవరివైపూ చూడకుండా లోపలికి నడవబోయాడు. నేను ఇంజను ఆపి అడ్డంగా నిలబడ్డాను. "చెప్పండి సేటుగారూ. నా చేతిలో తప్పుందా?"

"అమ్మ నడిపిన తీరుల తప్పు లేదు. కమాన్లే ఖరాబు" అని గొణిగాడు.

"నాకు వినపడలేదు నాయనా" అన్నారు మా అత్తగారు.

"కమాన్లే ఖరాబున్నయి! అమ్మ మంచిగనే నడుపుతుంది! నాకు గూడ మాల్ ఇచ్చినోడు గిట్లనే ముంచిండు, ఏం జెయ్యాలె!" అని అరిచాడు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. నాకూ చప్పట్లు కొట్టాలనిపించింది. పెద్దమనిషిని అలా నిలబెట్టానని జాలి పడ్డానని రాస్తే అబద్ధం. ఆ క్షణం నాకు అబిడ్స్ అంతా నాదే అనిపించింది.

దుకాణం వెనక నుంచి నూనె కాగితం చుట్టిన జత ఒకటి అతనే తెచ్చి ఇచ్చాడు. మిస్త్రీ కొట్టి చూస్తే ఖంగుమంది. ఆ సాయంత్రమే బిగించాడు. ఈసారి మా అత్తగారు కుంకుమ భరిణె ముట్టుకోలేదు, నెల గడవనివ్వమన్నారు.

సోమవారం ఆ అక్కచెల్లెళ్ళ తండ్రి పిల్లలిద్దరినీ తనే బండెక్కించాడు. సైకిలు తీసి బడిదాకా మా వెనకే వచ్చాడు. పిల్లలు దిగి, డబ్బాలు పట్టుకుని గేటులోకి వెళ్ళారు. ఒక్కరి యూనిఫాం మీద కూడా మరక లేదు. అతను నా కిటికీ దగ్గరకి వచ్చి, "మంచిది అక్కా" అని సైకిలు తిప్పుకున్నాడు. ఇంటికి వచ్చాక మా ఆయన కారు అమ్మే మాట ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

జూన్‌లో బళ్ళు తెరిచిన రోజు, నేను ఎన్నడూ చూడని ఒకావిడ ఆరేళ్ళ పిల్లని వెంటపెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అబిడ్స్ సేటు భార్యనని చెప్పింది. నా బండిలో ఒక్క చోటు కావాలట.

"మా ఇంటాయన పంపిండమ్మా. బిడ్డను పంపితే గా అమ్మ నడిపే బండ్లనే పంపుత, లేకుంటే ఇంట్లనే ఉంచుకుంట అన్నడు."

మాట స్పష్టంగానే వినపడింది. అయినా వినపడనట్టు మొహం పెట్టి, ఆవిడ చేత ఇంకోసారి చెప్పించుకున్నాను.