బావ ఎంచిపెట్టిన చక్రాలు

మా బావ పోయాడన్న కబురు నాకు మా నాన్న చెప్పాడు. అంటే నాకంటే ముందు ఆయనకు తెలిసింది. బావ భార్య రాయచెర్లు నుంచి మొదటి ఫోను మా నాన్నకే చేసింది. వల్లూరు దగ్గర సోలార్ ప్లాంటులో పలకలు కడిగేవాళ్ల మీద బావ సూపర్‌వైజరు. ఆ పొద్దున నీళ్ల ట్యాంకరు పక్కన నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూనే ఎదురొమ్ము పట్టుకుని కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. యాభై కూడా నిండలేదు.

నేను పావగడలో నా సెల్‌ఫోన్ల అంగడిలో ఉన్నాను. "అల్లుడు పాయరా" అన్నాడు నాన్న ఫోనులో. షట్టరు దించి, మా ఊరు తిరుమణికి వెళ్లి ఆయన్ని ఎక్కించుకుని రాయచెర్లు చేరేసరికి బావ ఇంటి ముందు కాలు పెట్టడానికి చోటు లేదు. ప్లాంటు పనివాళ్లు, ఆటోలవాళ్లు, హిందూపురం నుంచి టైర్ల అంగడివాళ్లు. నాన్న బావ కాళ్ల దగ్గర కూలబడి పెద్దగా ఏడ్చాడు. మా అమ్మ పోయినప్పుడు గోడకు ఆనుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న మనిషి. నేను ఆయన భుజం పట్టుకుని నిలబడి, నేను పోతే ఈయన ఇట్లా ఏడుస్తాడా అనుకున్నాను. చావింట్లో రావలసిన ఆలోచన కాదు. కానీ బావను తలుచుకుంటూ దీన్ని వదిలేస్తే ఇంక చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

బావ మా మేనత్త కొడుకు, నాకంటే కొంచెం పెద్ద. చిన్నప్పుడు ఇద్దరం నాన్న వెనక గొర్రెల మందతో తిరిగాం. పిల్ల ఏదైనా తప్పిపోతే "అల్లుణ్ణి పిలువు" అనేవాడు నాన్న. నేను పక్కనే ఉండేవాణ్ణి. తరువాత చేలు సోలార్‌కు కౌలుకిచ్చాం, మందను అమ్మేశాం, ఎవరి బతుకు వాళ్లం చూసుకున్నాం. ప్లాంటులో చేరాక బావ ఒక పాత కారు కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టు ఉండకుండా స్ప్రింగులు మార్పించి దాన్ని నేలకు దగ్గరగా దించాడు. కంపెనీ చక్రాలు తీసేసి నిగనిగలాడే అల్లాయ్ చక్రాలు వేయించాడు. నల్ల కళ్లద్దాలు, పూల చొక్కా, కిటికీలోంచి బయటికి మోచెయ్యి. తిరుమణిలోకి వచ్చాడంటే కారు మనిషి నడకకంటే నెమ్మదిగా కదిలేది. హంపు దగ్గర కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నే ఎక్కించి దించేవాడు. జనం ఆగి చూసేవాళ్లు. "చూడండప్పా, బాగా చూడండి, దిష్టి మాత్రం పెట్టాకండి" అనేవాడు. గొప్పలు చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గన్నది లేదు.

చూసినవాళ్లు ఎవరు ఎంత మెచ్చుకున్నా నేను ఓర్చుకునేవాణ్ణి. ఓర్చుకోలేకపోయింది నాన్న మెచ్చుకోవడాన్నే. ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. నా కారు ఎక్కాలంటే చేత్తో కాలు ఎత్తి లోపల పెట్టుకోవాలి. బావ కారులో ఊరికే వెనక్కి వాలి కూర్చుంటే సరిపోయేది. "అరుగు మింద కూచున్నట్ల ఉండాది రా" అన్నాడు ఒకసారి నాతోనే. అప్పటినుంచి డాక్టరు దగ్గరికైనా, సంతకైనా, పెళ్లికైనా బావే. నా కారు ఇంటి ముందు ఉండగానే అల్లుడికి ఫోను పోయేది.

అందుకని నేనూ నా కారును దించాను. బెంగళూరులో చేయించాను. చక్రాలు బావవాటికంటే పెద్దవి, వెడల్పువి, అంచుకు ఎర్ర గీత ఉన్నవి కొన్నాను. అంగడివాడు బోల్టు రంధ్రాలు కలుస్తాయా లేదా అన్నది ఒక్కటే చూశాడు, నేను అదీ చూడలేదు. ఖాళీ కారులో బెంగళూరు నుంచి హాయిగా వచ్చేశాను. మర్నాడు నాన్నను ముందు సీట్లో, నా భార్యను, మేనత్తను వెనక కూర్చోబెట్టుకుని పావగడ బయలుదేరాను. ఊరు దాటగానే మొదటి గుంతలో టైరు మడ్‌గార్డుకు రాసుకుని కీచుమంది. మలుపు తిప్పితే మళ్లీ అదే. రబ్బరు కాలిన వాసన లోపలికి వచ్చింది.

"ఆపప్పా" అన్నాడు నాన్న. "అల్లునికి ఫోన్ చెయ్."

బావ వచ్చాడు. ముందు నవ్వాడు, రోడ్డు పక్క పలకలు తుడిచేవాళ్లు తలలు తిప్పి చూసేంత గట్టిగా. నాన్న ఆయన కారులోకి మారి కూర్చున్నాడు. వాళ్లు పోతుంటే వెనక నుంచి చూస్తూ, బావ చక్రాలు అక్కడికక్కడే ఊడిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆదివారం బావ పిలవకుండానే మా ఇంటికి వచ్చాడు. టైరు అంచులకు విబూది పూశాడు. మా వీధిలో దిట్టంగా ఉన్నవాళ్లను ముగ్గుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, నాచేత స్టీరింగు ఆ చివరనుంచి ఈ చివరకు తిప్పించి, వీధి గుంతల్లో ఒక చుట్టు తోలించాడు. ఆ తరువాత నేలమీద పడుకుని మడ్‌గార్డు లోపల విబూది ఎక్కడెక్కడ అంటిందో నాకు చూపించాడు.

"చక్రం చూసి చక్రం కొనకూడదప్పా. చక్రం కూచునే గుంత చూసి కొనల్ల."

"ఖాళీగా ఉన్నప్పుడు యాడా తగల్లేదు కదా బావా."

"ఖాళీ కారుకు ఏదైనా సరిపోతాది. మనుషులెక్కినాకే కారు."

ఇద్దరం హిందూపురం పోయాం. అంగట్లో నేను చూపించినవన్నీ వద్దన్నాడు. ఇది బయటికి పొడుచుకొస్తుంది, అది వెడల్పెక్కువ, ఇంకొకదానికి టైరు పక్కగోడ మరీ పొట్టి, మన రాళ్ల దారిలో మొదటి దెబ్బకే చక్రం అంచు వంగుతుంది. టైరుతో కలిపి మొత్తం ఎత్తు కంపెనీ చక్రం ఎత్తుకు దగ్గరగా ఉండాలన్నాడు, లేకుంటే స్పీడు మీటరు కూడా అబద్ధం చెబుతుందట. టైరు మోసే బరువు కంపెనీ టైరుకంటే తగ్గకూడదన్నాడు. చివరికి బూడిద రంగువి, ఏ హంగూ లేనివి తీయించాడు. నా మొహం మాడిపోయింది. తన కారుకు మెరిసేవి పెట్టుకుని నాకు ఇవి అంటగడుతున్నాడని నా అనుమానం.

బిగించి కిందికి దించాక తెలిసింది. చక్రం మడ్‌గార్డు అంచుకు సరిగ్గా సమంగా నిలబడింది, లోపలికీ కాదు, బయటికీ కాదు. కారు ఆ ఎత్తులోనే పుట్టినట్టుంది. బావ చుట్టూ తిరిగాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ తిరిగాడు.

"నాదానికంటే బాగా కుదిరినాయి కదరా" అన్నాడు. "నాకు కడుపు మండుతాండాది." అని నా వీపు మీద ఒక్కటి చరిచి, టీ తాగుదాం రమ్మన్నాడు.

ఆ మాట అంత తేలిగ్గా అనేసిన మనిషిని చూసి నాకు కలిగిన అసూయ, ఆయన కారును చూసి ఎన్నడూ కలగలేదు. నేను అన్నేళ్లు నోట్లో పెట్టుకుని నములుతున్న మాట అది. ఆయన ఒక్క క్షణంలో ఉమ్మేసి టీ తాగాడు.

తరువాత కూడా నాన్న ఎక్కువగా బావతోనే వెళ్లేవాడు. ఎందుకని నేను అడగలేదు. నా చక్రాలు మాత్రం ఇంతవరకు ఎక్కడా రాసుకోలేదు. అంగడికి వచ్చినవాళ్లు ఎవరైనా వాటిని మెచ్చుకుంటే, ఎవరు ఎంచారో చెప్పడానికి నాకు మొదట్లో నోరు వచ్చేది కాదు. ఇప్పుడు అడగకపోయినా చెబుతున్నాను.

దినాలు అయిపోయిన సాయంత్రం రాయచెర్లు నుంచి నాన్నను నా కారులో తీసుకొస్తున్నాను. పలకల కంచె పక్కన ఎవరిదో మంద రోడ్డు మీదికి వచ్చింది. కారు ఆపాను. గొర్రెలు రెండు పక్కలా చీలి మమ్మల్ని ఒరుసుకుంటూ నడిచాయి. వాటి వీపులు సరిగ్గా కిటికీ ఎత్తుకు వచ్చాయి. నాన్న అద్దం దించి చెయ్యి బయటపెట్టాడు. ఒక్కో వీపూ ఆయన అరచేతి కింద నుంచి జారిపోతూ ఉంది.

"బావ కారులో వస్తాన్నప్పుడు కూడా ఇట్లనే చేస్తాంటివా నాన్నా?"

"ఊఁ" అన్నాడు, నా వైపు చూడకుండా. "వాడు ఇంజను ఆపేస్తాండె. గొర్లు బెదరకుండా."

నేను ఇంజను ఆపాను. గిట్టల చప్పుడు, ఉన్ని వాసన కారు నిండా నిండాయి. మంద చాలా పెద్దది. నాన్న చెయ్యి లోపలికి తీసుకోలేదు.