దేవుడి గూట్లో డబ్బా

మొఘల్‌పురాలోని ఆ పాత ఇంట్లో సదాశివ పెట్టిన నియమాలకు తిరుగులేదు. మంగలి దుకాణం నుంచి వస్తే, తలమీద నీళ్లు పడేదాకా ఆయన గోడను కూడా తాకడు. వైఫై డబ్బా విలువైన వస్తువని దానికి కుంకుమ బొట్టు పెట్టి, హాల్లోని దేవుడి గూట్లో ఇత్తడి మకరతోరణం వెనక భద్రపరిచాడు. స్నానం చేయనివాళ్లు దాని జోలికి పోకూడదు. వెనక గదిలో నెట్ రావడం లేదని కూతురు అభిజ్ఞ ఎంత మొత్తుకున్నా, "దేవుని దగ్గరున్నది, గట్లనే ఉండనీ" అనేవాడు.

ఆ ఉదయం క్షవరం చేయించుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. భార్య కోమలవల్లి పెరట్లో నీళ్లు కాస్తోంది. వెనక గదిలో అభిజ్ఞకు ఉద్యోగం ఇంటర్వ్యూ నడుస్తోంది. "సార్, వినిపిస్తోందా? సార్?" అంటున్న గొంతు వణికింది. అంతలోనే మైకు ఆపి అరిచింది: "బాపూ, కట్ అయితున్నది! ఆ ఇత్తడి అడ్డం తియ్యి!"

సదాశివ భుజాల మీది వెంట్రుకలు చూసుకున్నాడు. పెరటి వైపు చూశాడు. ఒక్క ఉదుటున లోపలికి వెళ్లి, తోరణాన్ని పక్కకు నెట్టి, డబ్బాను తీగలు సాగినంత మేర లాగి, వెనక గది వైపు ఎత్తి పట్టుకున్నాడు. వెంట్రుకలు దేవుడి ముందే రాలాయి. లోపల గొంతు కుదుటపడింది.

బకెట్‌తో వచ్చిన కోమలవల్లి కొయ్యబారిపోయింది. "అయ్యయ్యో, స్నానం చెయ్యకుండనే దేవుని గూడు ముట్టుకున్నరా!"

"లొల్లి చెయ్యకు," సదాశివ చేతులు దించకుండానే గుసగుసగా అన్నాడు. "స్నానం యాడికీ పోదు. సిగ్నల్ పోతది."