మిరపకోతకు వచ్చిన మేడమ్

ఇవాళ సాయంత్రం బడి గ్రౌండులో పిల్లల్ని పరుగెత్తిస్తుంటే గాలి తిరిగి, పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు మా మీదకొచ్చింది. పిల్లలు తుమ్ముతూ నవ్వుకున్నారు. నాకు జరీనా మేడమ్ గుర్తొచ్చారు.

ప్రత్తిపాడు దగ్గర మా హైస్కూల్లో ఆవిడ వ్యాయామ టీచరు. తొమ్మిదో తరగతిలో నేను పదిహేను వందల మీటర్లు పరుగెత్తేదాన్ని. జిల్లా ఎంపికలు నెల రోజులున్నాయనగా నా పరుగు పాడైంది. మూడు రౌండ్లు బాగానే ఉండేది. నాలుగో రౌండులో నడుం వంగిపోయేది, కుడి మోకాలు లోపలికి వాలేది, అడుగు నేలను వదిలేది కాదు. "బద్ధకం నీకు! మనసు పెట్టట్లేదు," అని మేడమ్ అందరి ముందూ కేకలేసేవారు. తల దించుకునేదాన్నే గానీ కారణం చెప్పలేదు. తెల్లవారుజామున అమ్మతో మిరపకోతకు వెళ్తున్నానంటే జట్టులోంచి తీసేస్తారేమోనని భయం.

ఒక ఆదివారం ఆవిడ అమ్మతో మాట్లాడదామని ఇంటికొచ్చి, తాళం చూసి, దారి అడుగుతూ చేనుకే వచ్చేశారు. సాళ్ల మధ్య వంగి ఉన్న నన్ను చూసి అమ్మ వైపు తిరిగారు.

"ఎప్పట్నించమ్మా ఇది?"

"కోతలు మొదలైన కాణ్ణించి రోజూ వస్తందండీ. బడి టైముకి పంపిచ్చేస్తన్నా," అంది అమ్మ బెరుకుగా.

మేడమ్ కొంగు నడుముకు చుట్టి నా పక్క సాలు పట్టారు. "మీకెందుకండీ, చేతులు మండుతయ్," అని అమ్మ వారించినా వినకుండా మధ్యాహ్నం దాకా కోశారు.

మర్నాడు ఆవిడ గోడ పట్టుకుని బడి మెట్లెక్కారు. సాయంత్రం జట్టునంతా కూర్చోబెట్టి, "ఈ పిల్లని బద్ధకస్తురాలన్నా. తప్పు నాది," అన్నారు. నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి, తుంటి మీద వేలు పెట్టి చూపించారు. "వంగి వంగి ఇది పొద్దున్నే అలిసిపోయింది. ఇది పట్టు వదిలితే మోకాలు లోపలికి పడిపోద్ది. ఆ బరువు ఇంకో కండరం మొయ్యాలి. అదీ అలిసిపోతే ఏదో ఒకటి తెగుద్ది. ఇందులో మనసు తప్పేముంది?"

ఆ తర్వాత కోతకు వెళ్లిన రోజు నాకు పరుగు ఉండేది కాదు. పడుకోబెట్టి తుంటికి బలమిచ్చే కసరత్తులు కొన్ని చేయించేవారు, అంతే. ఆఖరి వారం అమ్మే నన్ను చేనుకు రావద్దంది.

ఎంపికల్లో నాలుగోదాన్ని వచ్చాను. ముగ్గురినే తీసుకున్నారు. ఏడుస్తుంటే మేడమ్ పక్కనే నేల మీద కూర్చుని, "చివరి రౌండులో కూడా మోకాలు పడలేదమ్మా," అన్నారు. అప్పుడు ఆ మాటకు ఒళ్లు మండింది. మరుసటి ఏడు రెండోదాన్ని వచ్చాక గానీ దాని విలువ తెలియలేదు.

ఆవిడ పోయి మూడేళ్లయింది. వెనకబడిన పిల్లను చూస్తే కేక నాకూ గొంతు దాకా వస్తుంది. మింగేసి, పక్కకు పిలిచి, "పొద్దున్నించి ఏం చేశావమ్మా?" అని అడుగుతాను. కొందరు చెప్పరు. అలాంటప్పుడు వాళ్ల ఇల్లెక్కడో కనుక్కుని బయలుదేరతాను.