పేరడిగే వార్డెను

వీడ్కోలు విందు రోజున కాలేజీ హాస్టలు వార్డెను అబ్రహాము మాస్టారు ఒక్కచోట కూర్చోరు. పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతారు. షామియానా తాళ్లు లాగి చూస్తారు. పెట్రోమాక్సు లైట్ల దగ్గర ఇసుక బకెట్లు పెట్టిస్తారు. కాలవ వైపు గేటుకు తాళం వేసి, పడిందో లేదోనని మళ్లీ వెళ్లి చూసుకుంటారు. "కాస్త ఎంగిలిపడండి మాస్టారూ" అని వంటవాళ్లు బతిమాలితే, "పిల్లలు తిన్నాక చూద్దాంలే" అంటారు. సాయంత్రం పన్నీరుబుడ్డితో షామియానా ముందు నిలబడి, వచ్చిన ప్రతి కుర్రాడి మీదా చిలకరిస్తూ, "నీ పేరేమిటి నాయనా?" అని అడుగుతారు. ఏళ్ల తరబడి తన కళ్లముందు తిరిగినవాళ్లనే! మాస్టారికి మతిమరుపు వచ్చిందని చాటుగా నవ్వుకుంటూ, వాళ్లు నోరు తెరిచి పేరు చెప్పి లోపలికి పోతారు.

డెబ్బై ఆరులో జరిగిన విందుకు వచ్చిన కంకిపాడు కుర్రాడు రామాంజనేయులు మొహం పక్కకు తిప్పుకుని, పెదవులు కదిలీ కదలకుండా ఏదో గొణిగాడు. పన్నీరు వాసనను దాటుకుని బ్రాందీ వాసన వచ్చింది. వెనక కుర్రాళ్లు తోసుకుంటున్నారు. మాస్టారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఈ బుడ్డి పట్టుకో. నా చెయ్యి లాగేస్తోంది. అందరూ తినేదాకా నా పక్కనే ఉండాలి నువ్వు."

రామాంజనేయులు తలొంచుకుని అందరి మీదా పన్నీరు చల్లాడు. చివర్న మాస్టారి పక్క విస్తట్లోనే తిన్నాడు. మజ్జిగన్నం అయ్యాక, ఈసారి మొహం తిప్పుకోకుండా అన్నాడు:

"నా పేరు రామాంజనేయులండీ."

"ట్రంకుపెట్టె మోసుకుని హాస్టల్లో అడుగుపెట్టిన రోజునుంచీ తెలుసురా" అంటూ మాస్టారు గేటు తాళం చూడ్డానికి లేచారు.