చెల్లెలి మాటలకు తాళం

బస్టాండు వెనక సందులో కర్టెన్లు, దిండు గలీబులు కుట్టే ఆవిడకు ఓర్పు ఎక్కువని పేరు. ఎంత వంకరటింకర గుడ్డ తెచ్చినా విసుక్కోకుండా సరిచేసి పంపేది. ఆ ఓర్పంతా ఆ ఏడాది మానసిక ఆసుపత్రి మెట్ల మీదే హరించుకుపోయింది.

ఆమె చెల్లెలికి పదిహేడేళ్లు. ఆటిజం ఉంది, నోటితో మాట రాదు. ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే అది పలికేది: నీళ్లు, చాలు, అక్క. తల్లి పోయాక ఆ పిల్ల నిద్ర మానేసి, తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. గత్యంతరం లేక వార్డులో చేర్చింది అక్క. చేర్చిన రోజే ట్యాబ్ గేటు దగ్గర ఆగిపోయింది.

"కెమెరా ఉన్నవి లోపలికి పంపమమ్మా," అన్నాడు కాపలాదారు.

"అది ఫోను కాదన్నా, మా చెల్లి నోరు."

"నన్నేం చెయ్యమంటావు తల్లీ? రూలు."

సరేనని బొమ్మల కార్డులు చేసి, ఇనప రింగుకు గుచ్చి తెచ్చింది. రింగు ప్రమాదమన్నారు. రింగు తీసి తెస్తే, ప్లాస్టిక్ అంచులు కోసుకుంటాయన్నారు. ఒళ్లు మండి, మిషను ముందు కూర్చుని మెత్తటి గుడ్డతో పుస్తకమే కుట్టేసింది. పేజీకి నాలుగు బొమ్మలు. చెవి, కడుపు, మంచం, తలుపు, అన్నీ రంగు దారాలతోనే. ఈసారి వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

వారం తర్వాత వెళ్తే చెల్లెలు మత్తులో తూలుతోంది. నుదుటి మీద కొత్త బొప్పి.

"పుస్తకమేది సిస్టర్?"

"అల్మారాలో ఉంది. చింపేస్తుందేమోనని భద్రంగా పెట్టాం," అంది నర్సు.

"మీ నోటికి ప్లాస్టరేసి భద్రంగా ఉందంటే మీరు ఊరుకుంటారా?"

నర్సు మొహం మాడ్చుకుంది. "ముప్పై మందికి ఇద్దరం. ఒక్కొక్కరి బొమ్మలు చూస్తూ కూర్చోమంటావా?" అంటూనే తాళం తీసింది.

పుస్తకం చేతికి రాగానే ఆ పిల్ల పేజీలు తిప్పి చెవి బొమ్మ మీద వేలు పెట్టింది. మళ్లీ పెట్టింది. గుడ్డ గుంటపడేలా నొక్కింది. అక్క వెళ్లి డాక్టరును దాదాపు లాక్కొచ్చింది. ఆయన లైటు వేసి చూస్తే చెవి నిండా చీము. నాలుగు రోజులుగా గొడవ చేస్తోందని మత్తు ఇంజెక్షన్లు పొడిచింది చెవిపోటుకన్నమాట!

"పుస్తకం ఎప్పుడూ దాని దగ్గరే ఉండాలని రాయండి సార్. నోటిమాటగా కాదు, కాగితం మీద," అందామె. ఆయన తలొంచుకుని రాశాడు.

పదిరోజుల్లో చెవి తగ్గింది, తల కొట్టుకోవడమూ తగ్గింది. కానీ డ్యూటీ మారినప్పుడల్లా కాగితం చదవని వాళ్లెవరో ఒకరు పుస్తకాన్ని లోపల పెట్టేసేవారు. ఈవిడ వెళ్లడం, అరవడం, తీయించడం. రెండు నెలలూ ఇదే తంతు.

చెల్లెల్ని ఇంటికి పంపే రోజున అదే నర్సు నసుగుతూ దగ్గరికొచ్చింది. "మాటరాని పిల్లలు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లకూ కుట్టిస్తావా అమ్మా?"

"కుడతాను. తాళం వెయ్యబోమని మాటివ్వండి."

"నా ఒక్కదాని చేతిలో ఉందా చెప్పు?"

ఆవిడ ఏయే బొమ్మలు కావాలో అడిగి రాసుకుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా పళ్లు బిగించుకునే ఉంది.