అరుగు మీద ఇరుసు

మొన్న బెజవాడలో ఎముకల డాక్టరు నా మోకాళ్ల ఫిలిం వెలుతురుకి పెట్టి చూసి, "బాగా అరిగిపోయాయమ్మా, మార్చేయాల్సిందే" అన్నాడు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే రామాయణం. పెద్దాడు మార్చేద్దామంటాడు. చిన్నాడు, ముందు నూనె పట్టించి కసరత్తు చేయించి చూద్దామంటాడు. పక్కింటి పంతులుగారు ఆ ఫిలిం గుమ్మంలో ఎండకెత్తి పట్టుకుని, వాళ్ల బావమరిది కాలు మార్పించుకున్న కథంతా కాఫీ చల్లారిపోయేదాకా చెప్పారు. మోకాళ్లు నావి. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. నన్నడిగినవాడు ఒక్కడు లేడు. ఆ ఫిలిం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతుంటే, మా మామగారి కారు ఇరుసు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండిపోయింది. నాకు సంతకం చేయడం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, నా మాటకి పౌడరు పూయొద్దన్నాను.

డెబ్బైల్లో సంగతి. తిరువూరులో మా అత్తగారింటికి కారుండేది. మామిడి విరగకాసిన ఏడు మా మామగారు ఎవరో కంట్రాక్టరు దగ్గర పాతది కొన్నారు. నల్ల కారు. తోలేది మా ఆయన, దాని గురించి మాట్లాడేది మామగారు. అంతకుముందు జన్మంతా ఎడ్లతో గడిపిన మనిషి కదా, సాయంత్రం పూట కారు దగ్గరకెళ్లి ఎద్దు మూపురం నిమిరినట్టు దాని ముందు రేకు నిమిరేవారు. ఆ కారులో నేనెక్కింది పెళ్లయిన కొత్తలో ఒక్కసారి. దాన్ని తుడవడం మాత్రం రోజూ నా వంతే.

నాకు మొదటి కడుపు. ఏడో నెల. మా వైపు ఏడో నెలలో పుట్టింటికి తీసుకెళతారు, లేకపోతే తొమ్మిదో నెల దాకా ఆగాలి. ఎనిమిదో నెలలో ఆడపిల్ల గడప దాటకూడదు. మా అమ్మకి ఉబ్బసం. వినగడప నుంచి కదిలి రాలేదు. నేను వెళితేనే ఆమెని చూడటం. అత్తగారింట్లో కాళ్లు చాపుకుని కూర్చోవడానికి లేదు, ఒక పూట పులుపు తినాలనిపిస్తే అడగడానికి మొహమాటం. ఆ నెలంతా నా ఆలోచన ఒక్కటే, అమ్మ పక్కన పడుకుని ఎవరూ లేపకుండా తెల్లారేదాకా నిద్రపోవాలని.

నెల మొదట్లోనే మా నాన్న బండిలో గడ్డి పరిచి, దాని మీద మడతపెట్టిన బొంత పెట్టుకుని వచ్చాడు. మామగారు అరుగు మీద నుంచి లేవకుండానే, "కారు పెట్టుకుని బండేంటి బావగారూ? నలుగురూ చూస్తే మా మొహాన ఉమ్మేస్తారు. నాలుగు రోజుల్లో మేమే దర్జాగా దింపుతాం, మీరెళ్లండి" అన్నారు. మా నాన్న మెత్తటి మనిషి. "సరే బావగారూ" అని ఖాళీ బండి తోలుకుని పోయాడు. బొంత మడత కూడా విప్పలేదు. నేను తలుపు వెనకాల నిలబడి పళ్లు కొరుక్కున్నాను.

ఆ నాలుగు రోజుల్లోనే కారుకి వచ్చింది రోగం. గంపలగూడెం వెళ్లి వస్తుంటే వెనక నుంచి కటకటమని చప్పుడు. మెకానిక్కు వచ్చి కారుని రాళ్ల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీసి, లోపలి నుంచి ఇనప కడ్డీ ఒకటి లాగాడు. చక్రాన్ని తిప్పేది అదేనట. వాళ్లు యాక్సిలు రాడ్డు అన్నారు, మామగారు ఇరుసు అన్నారు. కొసనుండే పళ్లు అరిగిపోయాయి. దాన్ని తెచ్చి గోనెపట్టా మీద అరుగున పడుకోబెట్టారు. ఇక చూడండి, పెళ్లిచూపులకొచ్చినట్టు వీధిలో మగాళ్లందరూ రావడం, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూడటం, వేలితో రాసి వాసన చూడటం. వచ్చినవాళ్లకల్లా నేను మజ్జిగ ఇవ్వాలి. నా పొట్ట వంక చూసి "ఎన్నో నెలమ్మా" అన్నవాడు లేడు.

మా ఆయన మార్చేద్దామన్నారు. మామగారికి మార్చడమంటే పడదు. "ఇరుసు అరిగితే తిరగేసి ఎక్కిస్తాంగానీ పారేస్తామంట్రా?" అనేవారు. "నాన్నా, ఇది బండి కాదు." "చక్రం చక్రమేరా, ఏ చక్రమైనా గుండ్రంగానే ఉంటది!" మధ్యలో ఆ మెకానిక్కు ఒకడు. మామగారు నిలబడి ఉంటే, "అవునండి, వెల్డింగు పెడితే పదేళ్లు చూసుకోనక్కర్లేదండి" అనేవాడు. ఆయన లోపలికెళితే మా ఆయనతో, "అరిగిన పళ్లకి అతుకేంటండి, కొత్తది వేసేయండి" అనేవాడు. వాడి నోట్లో ఎవరు ముందుంటే వాళ్ల మాటే.

చివరికి వెల్డింగు పెట్టించి, లేతు మీద సాన పట్టించి ఎక్కించారు. ఊరి చివరకెళ్లేసరికి మళ్లీ కటకట. మళ్లీ రాళ్లు, మళ్లీ గోనెపట్టా, మళ్లీ మజ్జిగ. అప్పుడు మామగారు కొత్తదానికి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే ఇంకో మెలిక పెట్టారు. "ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఎట్టా కలుస్తయిరా? కోడె పక్కన ముసలెద్దుని కట్టినట్టు కారు పక్కకి లాగదా? మారిస్తే రెండూ మార్చాలి. లేదా రెండూ ఉంచాలి." రెండూ మార్చాలా ఒకటి మార్చాలా అని ఇంకొన్ని రోజులు. చంద్రుడు ఇటు తరిగిపోతున్నాడు. అమావాస్య దాటితే నాకు ఎనిమిదో నెల.

ఆఖరికి మా ఆయన బెజవాడ వెళ్లి ఒక రాడ్డు కొనుక్కుని బస్సు దిగారు. దిగింది శనివారం. మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. "శనివారం ఇనుము ఇంట్లోకి తెస్తావురా? కడుపుతో ఉన్న పిల్లని పెట్టుకుని? బుద్ధుందా?" ఆయన దాన్ని భుజానేసుకుని తిరిగి వెళ్లి, బస్టాండు దగ్గర కిళ్లీకొట్టులో పెట్టి వచ్చారు. ఆదివారం తెచ్చారు కూడా. తీరా మెకానిక్కు ఆదివారం రెడ్డిగూడెంలో మేనమామ కూతురి పెళ్లికెళ్లాడు. సోమవారం అమావాస్య, ఆ రోజు వాడు పానా ముట్టుకోడు, ఆ రోజు ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. అరుగు మీద ఇప్పుడు రెండు ఇరుసులు పక్కపక్కన పడుకున్నాయి, మొగుడూ పెళ్లాల్లాగా. వాటి ముందు తండ్రీ కొడుకూ గడ్డాలు పట్టుకుని కూర్చున్నారు.

నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నమే వీధిలోంచి మా వినగడప బండి ఒకటి పోతోంది, తౌడు బస్తాలు వేసుకుని. తోలేది మా నాన్నకి వరసకి తమ్ముడయ్యే ఆయన. "బాబాయ్, ఆగు!" అని అరిచాను. వీధిలో నా గొంతు వినపడటం అదే మొదలు. చీరలు రెండు మూట కట్టుకుని అరుగు దిగాను.

మామగారు లేచి నిలబడ్డారు. "ఏంటమ్మా ఇది? కారున్న ఇంటి కోడలివి, తౌడు బండెక్కుతావా?"

"కారుంది మామగారూ, చక్రాలేవండీ?" అన్నాను.

మా ఆయన నేలచూపులు చూశారు. నవ్వాపుకోవడానికని తరవాత చెప్పారు. నా భయమంతా అత్తగారి గురించే. ఆవిడ లోపలికెళ్లి, దిండొకటి, ఉసిరికాయ పచ్చడి జాడీ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "వెళ్లవే తల్లీ. ఈళ్లు ఆ ఇనప ముక్క తేల్చేలోపు నీ పిల్లాడు నడిచొచ్చి చక్రం బిగిస్తాడు" అని, బండి తోలే బాబాయితో "గోతులు చూసుకుని తోలు, అబ్బాయ్" అన్నారు. ఆవిడకీ ఒళ్లు మండిపోయి ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆవిడ కూడా అన్నాళ్లూ మజ్జిగ చిలికిందే కదా.

దారంతా బండి ఇరుసు కిర్రుమంటూనే ఉంది. అరిగిందే, కందెన పూసిందే. దీపాలు పెట్టే వేళకి మా అమ్మ ముందు దింపింది. అమ్మ ఆయాసపడుతూనే లేచి వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేసింది. ఆ రోజు ఎంతసేపు నిద్రపోయానో నాకు తెలీదు, ఎవరూ లేపలేదు.

పెద్దాడు పుట్టిన మూడో నెలలో మమ్మల్ని తీసుకెళ్లడానికి కారు వచ్చింది దర్జాగా. ఊరు దాటగానే వెనక నుంచి కటకట. మారిస్తే రెండూ మార్చాలి కదా అని మామగారు ఒక పక్క కొత్తది, ఇంకో పక్క బాగున్నదాన్ని తీసి వెల్డింగు పెట్టింది ఎక్కించి రాజీ కుదిర్చారట.

ఆ మామగారు లేరు, ఆ అత్తగారు లేరు. మా ఆయనా పోయారు. కారు ఎప్పుడో తూకానికి పోయింది. ఆనాడు నా కడుపులో ఉండి తౌడు బండెక్కిన పెద్దాడే నిన్న నా ఎదురుగా కూర్చుని, "ముందు ఒక మోకాలు మార్పించి చూద్దామా, మంచిరోజు చూసి చెబుతాను" అన్నాడు. "కోడె పక్కన ముసలెద్దుని కట్టొద్దురా, రెండూ మార్పించు. బుధవారం వస్తానని డాక్టరుకి నేనే ఫోన్లో చెప్పేశాను" అన్నాను. కొడుకులిద్దరూ నోళ్లు తెరుచుకుని నన్ను చూశారు, ఆ కుర్చీలో మనిషుందని అప్పుడే తెలిసినట్టు. మగాళ్లు అరుగు మీద కూర్చుని ఎంతసేపైనా తేల్చుకోనీ, అమావాస్య మాత్రం ఎవరినీ అడిగి రాదు.