పుట్టకు పోసిన పాలు

నిన్న పుస్తకాల బీరువ తెరిస్తే తడిమట్టి వాసన వచ్చింది. లోపల చెదలు.

కోస్గి దగ్గరి మా ఊర్ల నాయిన పట్వారీ. ఊరందరి భూమి కాయితాలు ఎర్రగుడ్డల మూటగట్టి, పురుగు పట్టకుండ నడుమ వసకొమ్ము పెట్టి, ఇంటి వెనక అర్రల బల్ల మీద దాచేటోడు. నా ఏడో ఏట ఆ బల్ల కింద, గోడ పొంటి జానెడు పుట్ట లేచింది. పుట్టను కదిలిస్తే పాము పగబడుతదని అవ్వ చెప్పేది. అందుకే ఎవ్వరికీ చెప్పలే. పసుపు కుంకుమ పెట్టి, నాకిచ్చిన పాలు ఎంగిలి చెయ్యకుండ రోజూ దానికే పోసిన. పుట్ట పెరిగి, గోడ పొంటి బల్ల మీది మూటదాక పాకింది. మూటకు చెవి ఆనిస్తే లోపల సన్నగ చిటచిటమనేది. నాగమ్మే అనుకొని దండం పెట్టిన.

వానలు పడంగనే గొర్ల మల్లయ్య వచ్చిండు.

"నా చెల్క ఎవలో తమదంటున్నరు పంతులూ. జర కాయితం చూడుండ్రి."

నాయిన మూట విప్పిండు. పైన గుడ్డ మంచిగనే ఉన్నది. లోపల్నుంచి చెదలమట్టి జారింది. మల్లయ్య దాన్ని దోసిట్ల పట్టిండు.

"గిండ్ల నా పేరు ఏడున్నది?"

నాయిన వంగి బల్ల కింద చూసిండు. తర్వాత పసుపంటిన నా వేళ్ల దిక్కు చూసిండు.

ఆ కాయితానికి నకలు లేకుండె. ఆ యేడే మల్లయ్య చెల్కల వేరేటోళ్లు నాగలి కట్టిండ్రు.

నాయిన పుట్టను అడుగుదాక తవ్విండు. అండ్ల ఏ పామూ లేదు.